ఎదురు గీత

మేళానికి పోయే పొద్దున మునిరామయ్య ఇంట్లో అద్దంతో పని ఉండదు. అన్నదమ్ములిద్దరూ తిన్నె మీద ఎదురెదురుగా మఠం వేసుకుని కూర్చుని ఒకరి గడ్డం ఒకరు గీస్తారు. ముందు అన్న తమ్ముడికి, తర్వాత తమ్ముడు అన్నకు. వాళ్ల నాయనకూ చిన్నాయనకూ మధ్య ఉన్న పద్ధతే వీళ్లకూ వచ్చింది. తన గడ్డం తాను గీసుకునేవాడి చెయ్యి తన మీద తనకే జాలి పుట్టి తేలిపోతుందని, వేరే చెయ్యి అయితేనే మొహమాటం లేకుండా నున్నగా తీస్తుందని వాళ్ల నమ్మకం. తమ్ముడు చిన్నబ్బ కొడుకు గిరి తిరుచానూరు రోడ్డులో సెలూను నడుపుతున్నాడు. మనిషికొక బ్లేడు వేసి పారేసే కత్తులు తెచ్చిస్తానని వాడు ఎన్నోసార్లు అన్నాడు. పెద్దవాళ్లు వింటేనా? నాయన వాడిన మడత కత్తినే తోలు పట్టీ మీద సాగదీసి, బొటనవేలి గోరు మీద అంచు చూసుకుని వాడుకుంటారు.

మునిరామయ్యది నాదస్వరం. చిన్నబ్బది డోలు. గిరిది పెదనాయన పక్కన రెండో నాదస్వరం. పెండ్లిళ్లకూ గుడి ఉత్సవాలకూ ఆ చుట్టుపక్కల వాళ్ల మేళమే.

నాదస్వరం ఊదేవాడికి పై పెదవి అన్నం పెట్టే చెయ్యి లాంటిది. గొట్టం కొసన తగిలించే సీవాళి, అంటే ఎండిన గడ్డి కాడతో చేసిన చిన్న ముక్క, పెదవుల మధ్య నలిగితేనే పలుకుతుంది. పెదవి మీద ఒక్క వెంట్రుక మొలక నిలిచినా గాలి పక్కకు జారిపోతుందని మునిరామయ్య వాదం. “మీసాలుండే వాళ్లు ఊదడంలేదా పెద్నాయనా?” అని గిరి అడిగితే, “వాళ్లకు పోయే గాలి వాళ్లకు వినపడదురా” అంటాడు. అందుకని చెంపలు ఎట్లా గీసినా ఆయన ఏమీ అనడు గానీ, పై పెదవి మాత్రం ముందు వెంట్రుక వాలుకు ఒకసారి గీసి, మళ్లీ నురుగు పట్టించి, కింది నుంచి ముక్కు వైపుకు ఎదురు గీయాల్సిందే.

ఎదురు గీత గండం. వెంట్రుకకు ఎదురుపోయే కత్తి చర్మాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఆ గీత పడేటప్పుడు గీసేవాడు నోరు తెరవకూడదు, గీయించుకునేవాడు ఊపిరి బిగబట్టాలి. ఈ మాట వాళ్ల నాయన కొడుకులిద్దరికీ వీపు మీద కొట్టి మరీ నేర్పాడు.

ఆ పొద్దు తిరుచానూరులో ఒక కల్యాణమండపంలో పెండ్లి. చిన్నబ్బ గడ్డం అయిపోయింది. మునిరామయ్య చెంపలు, గొంతు అయిపోయాయి. పెదవి మీద వాలు గీత కూడా అయింది. చిన్నబ్బ రెండోసారి నురుగు పట్టించి, ఎడమచేతి బొటనవేలితో అన్న ముక్కు కొన పైకెత్తి, కత్తిని పెదవి అంచున ఆనించాడు. మునిరామయ్య కళ్లు మూసుకుని ఊపిరి ఆపుకున్నాడు.

“అన్నా” అన్నాడు చిన్నబ్బ.

మునిరామయ్యకు మొదట ఆశ్చర్యం వేసింది. ఈ సమయంలో మాట ఏమిటి?

“ఈ పొద్దు గట్టిమేళం గిరిగాన్ని ఊదనీరాదా.”

తాళి కట్టే క్షణాన తుమ్ములు, ఏడుపులు, చెడు మాటలు ఎవరి చెవినా పడకుండా మేళం హోరెత్తిపోవాలి. అదే గట్టిమేళం. ఆ క్షణాన ముందుండి ఊదేవాడే మేళానికి పెద్ద. నాయన చనిపోయిన నాటి నుంచి మునిరామయ్య ఆ క్షణాన్ని ఎవరికీ ఇచ్చింది లేదు.

ఊహూ అన్నాడా, తల అడ్డంగా ఊపాడా, ఊపాలని మనసులో అనుకుని ఊరుకున్నాడా? తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆయనకు తేలలేదు. సన్నగా, చల్లగా, మంచు నీళ్ల చుక్క ఒకటి పెదవి మీద పాకినట్టయింది. నొప్పి లేదు. కళ్లు తెరిచేసరికి చిన్నబ్బ కత్తిని గాల్లో ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కత్తి మీద నురుగు ఎర్రగా ఉంది.

“కదిలినావా?” అన్నాడు చిన్నబ్బ.

మునిరామయ్య నోట్లోకి ఉప్పగా దిగుతోంది. మాట్లాడబోతే పెదవి రెండుగా విడిపోయినట్టు అనిపించి ఊరుకున్నాడు. చిన్నబ్బ మంగలి పొదిలోంచి పటిక తీసి తడిపి అద్దాడు. అప్పుడు తెలిసింది నొప్పి ఏమిటో. కంట్లోంచి నీళ్లు కారాయి. పటిక ఎర్రబడింది. ఇంకోవైపు తిప్పి అద్దితే అదీ ఎర్రబడింది.

లోపలి నుంచి మునిరామయ్య భార్య తిరుమలమ్మ కాఫీ లోటాతో వచ్చి, అట్లాగే నిలబడిపోయింది.

“చక్కెర జబ్బు మనిషిని పట్టుకోని ఏం పని చేసినావు చిన్నబ్బా?”

“గీత తగిలింది వదినా. అంతే.”

“అంతేనా? ఆయప్ప పెదవి రా అది.”

చిన్నబ్బ కత్తిని నీళ్లలో ముంచి, తుడిచి, మడిచి పొదిలో పెట్టుకున్నాడు. అన్నీ రోజూ చేసినంత నెమ్మదిగానే చేశాడు. మునిరామయ్య తడిగుడ్డ పెదవికి అదుముకుని ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాడు. వణుకుతాయేమోనని చూశాడు. వణకలేదు.

మండపానికి చేరేసరికి నెత్తురు నిలిచింది గానీ పెదవి మందంగా, వేరేవాళ్లది తెచ్చి అతికించినట్టు ఉంది. మునిరామయ్య మేళానికి కూర్చుని, సీవాళి తడిపి నోట పెట్టుకున్నాడు. మొదటి స్వరం వచ్చింది. రెండోది వచ్చింది. పెండ్లికూతురిని తీసుకొచ్చేటప్పుడు పైస్థాయికి పోయాడు. అక్కడ పెదవి బిగించాలి. బిగించాడు. ఏదో సన్నటి దారం లోపల పుటుక్కున తెగినట్టయి, నోట్లో మళ్లీ ఉప్పన.

ఆయన చేతులు చల్లబడ్డాయి. పెదవి కోసం కాదు. ఎదురుగా పసుపు బట్టల్లో పెండ్లికూతురు ఉంది. ఆమె తోవ మీద తన నెత్తురు చుక్క పడితే? మంగళవాద్యం నోట నెత్తురు పడిందని ఊరంతా చెప్పుకుంటారు. ఆ పిల్ల జన్మలో ఏ కష్టం వచ్చినా ఆ చుక్కనే తలుచుకుంటారు. మునిరామయ్య గుటక వేసి మింగాడు. ఊదాడు. మళ్లీ మింగాడు. సీవాళి కొస ఎర్రబడటం కంటి కొనకు కనపడుతోంది. ముందు వరసలో ఒక ముసలావిడ ఆయన మూతి వైపే చూస్తోంది. ఆమె పక్కామెతో ఏదో అంది.

అయ్యవారు చెయ్యెత్తి “గట్టిమేళం” అన్నాడు.

మునిరామయ్య నాదస్వరం ఒడిలోకి దించి, గిరి వైపు చూశాడు. గిరి ఒక్క క్షణం అర్థం కాక చూసి, వెంటనే అందుకున్నాడు. బాగా ఊదాడు. బెదురు లేకుండా, గుండెల నిండా ఊదాడు. మునిరామయ్య కండువా మూతికి అడ్డం పెట్టుకుని చిన్నబ్బ డోలు విన్నాడు. అన్న గాయపడిన పొద్దు తమ్ముడి డోలులో ఎక్కడో ఒక చోట దెబ్బ తడబడాలి గదా అని వెతికాడు. డోలు ఎప్పటిలాగే మోగింది. ఇంకొంచెం బాగా మోగిందేమో కూడా.

ఆ డోలు విన్నాక పుట్టింది ఆయనలో అసలు భయం.

మర్నాటికి పెదవి ఉబ్బింది. ఆ మర్నాటికి ముక్కు పక్క ఎర్రబారి, కంటి కింద దాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. తిరుమలమ్మ పసుపు పట్టు వేస్తానంటే గిరి వద్దని ఆటో పిలిచాడు. తిరుపతిలో ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పెదవి చూడగానే ఆమె అడిగింది.

“నొక్కినారా దీన్ని? చీము తీయాలని చూసినారా?”

“లేదమ్మా, ఎవురూ తాకలే” అంది తిరుమలమ్మ.

“మంచి పని చేసినారు. ముక్కుకూ పెదవికీ మధ్య చోటు మంచిది కాదు. ఈడ చీము పడితే పైకి, కంటికీ మెదడుకీ ఎక్కే దారి ఉంటుంది. షుగరు కూడా ఉంది. పండుకోండి, సెలైన్ పెడతాం.”

మంచం మీద పడుకుని మునిరామయ్య పైన తిరిగే ఫ్యాను చూస్తూ తనలో తాను లెక్క వేసుకున్నాడు. చచ్చిపోతే పోతాను. అది ఒక లెక్క కాదు. బతికి, పెదవి రాకపోతే? మేళంలో తాళం వేసుకుంటూ వెనక కూర్చోవాలి. గిరి ముందు, తాను వెనక. తప్పేముంది, ఎప్పటికైనా అంతే గదా. కానీ ఎవరు అనుకున్నప్పుడు? తానా, చిన్నబ్బా?

“ఒక మాట అంటే కోపగించుకోవద్దు” అంది తిరుమలమ్మ గంజి తాగిస్తూ. “ఆ మాట ఆ గీతప్పుడే ఏంటికి అడిగినట్టు? పొద్దంతా లేదా? దారంతా లేదా?”

“గమ్మునుండు.”

“నేను గమ్మునే ఉంటా. నీ పెదవి గమ్మునుందా?”

చిన్నబ్బ రోజూ వచ్చాడు. టెంకాయ నీళ్లు తెచ్చేవాడు, మంచం కాళ్ల దగ్గర నిలబడేవాడు. ఎండల సంగతి, బస్సు సంగతి మాట్లాడేవాడు. మునిరామయ్య ఎదురుచూసిన మాట ఒక్కటే. కావాలని చేయలేదన్నా, అనాలి వాడు. అంటే చాలు. ఒకరోజు నోరు తెరిచాడు కూడా. తెరిచి, “టెంకాయ లేతది” అన్నాడు.

వాపు తగ్గి ఇంటికి వచ్చాడు. పై పెదవి మధ్యలో కందిగింజంత గట్టి ముడి మిగిలింది. దానికి వేడీ చలీ తెలియదు. వేలితో తాకితే వేలికి తెలుస్తుంది గానీ పెదవికి తెలియదు. తిరుమలమ్మ గుడికి పోయినప్పుడు తలుపు వేసుకుని సీవాళి ఒక్కటే నోట పెట్టుకుని ఊదాడు. బుస్సుమంది. ముడి పక్కనుంచి గాలి జారిపోతోంది. సీవాళి ఎక్కడ ఉందో పెదవికి తెలియడం లేదు. నలభై ఏండ్లు కాపురం చేసిన ఇంట్లో చీకట్లో గోడ తడుముకున్నట్టుంది. మూతి కొంచెం ఎడమకు తిప్పి మళ్లీ ఊదాడు. పలికింది. ఎంతసేపు నిలబడుతుందో చూద్దామని పట్టుకున్నాడు. నిలబడి నిలబడి, తెగిపోయింది. రోజూ అట్లా తలుపు వేసుకుని సాధన చేశాడు. కొన్నాళ్లకు స్వరం నిలవసాగింది. కానీ ఎప్పుడు జారుతుందో ముందుగా తెలియదు. ఆ తెలియకపోవడమే ఆయన్ను తినేస్తోంది.

ఈలోగా గడ్డం పెరిగింది. ఊళ్లో వాళ్లు ఊరుకుంటారా?

“ఏమప్పా మునిరామా, సన్నాసుల్లో కలిసినావా? మీ తమ్ముడు కూడా పెంచుతా ఉండాడే. ఇద్దరూ ఒకే మఠమా?”

మునిరామయ్య అప్పుడు గమనించాడు. చిన్నబ్బ గడ్డమూ పెరిగింది. కొడుకుకు సెలూను ఉంది, అయినా గీయించుకోలేదు.

పలమనేరు పక్క ఒక పెండ్లికి ఒప్పుకున్న రోజు దగ్గర పడింది. మాసిన గడ్డంతో పెండ్లిలో కూర్చోకూడదు.

“తిరుపతికి పోయి ఎవురూ ఎరగని సెలూన్లో గీయించుకోని రా” అంది తిరుమలమ్మ. “ఆ చేతికి మల్లా పెదవి ఇయ్యొద్దు. నా మాట విను.”

విన్నాడు. బస్టాండు వెనక ఒక సెలూన్లో కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. ఎవరో కుర్రవాడు తెల్లగుడ్డ కప్పి, మూతికంతా నురుగు పూసి, కొత్త బ్లేడు విరిచి కత్తిలో పెట్టాడు. ఎదురుగా నిలువెత్తు అద్దం. తన మీదికి కత్తి వచ్చేది మునిరామయ్య ఏనాడూ చూసి ఎరగడు. తిన్నె మీద కళ్లు మూసుకునే అలవాటు. ఇప్పుడు అద్దంలో తెల్లటి మూతి, దాని మీదికి వస్తున్న చెయ్యి, ఆ చేతిలో తళుకు కనపడ్డాయి. ఒళ్లంతా చెమట పట్టింది. ముడి ఉన్న చోట, ఏమీ తెలియని ఆ చోటే, నరం లాగింది.

“ఆగబ్బా” అన్నాడు.

“ఏమైంది పెద్దాయనా?”

“ఏం లే. కడుపులో బాగలేదు.”

నురుగు కడుక్కుని వచ్చేశాడు. బస్సులో కూర్చున్నాక, కత్తిని చూసి పారిపోయే మంగలి లోకంలో ఎక్కడైనా ఉంటాడా అని తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వుతుంటే పెదవి సగమే కదిలింది. నవ్వు ఆగిపోయింది.

పెండ్లి రోజు పొద్దున తలుపు తీసేసరికి చిన్నబ్బ తిన్నె మీద ఉన్నాడు. పొది పక్కన పెట్టుకుని, గిన్నెలో నీళ్లు పెట్టుకుని, పైబట్ట తీసేసి మఠం వేసుకుని ఉన్నాడు. ముందు అన్న తమ్ముడికి గీయడం గదా పద్ధతి. తిరుమలమ్మ గడప మీద నిలబడి భర్త మొహం చూసింది. మునిరామయ్య ఆమెను చూడకుండా ఎదురుగా కూర్చుని కత్తి తీశాడు.

తోలు పట్టీ మీద సాగదీశాడు. నురుగు పట్టించాడు. చెంపలు గీశాడు. గడ్డం దట్టంగా ఉంది, కత్తి బరబరమని కోసుకుపోతోంది. చిన్నబ్బ తల వెనక్కు వాల్చి గొంతు ఇచ్చాడు. కళ్లు మూసుకున్నాడు. గొంతులో ముడి పైకి పోయి కిందికి దిగింది. దాని పక్కన నరం టపటప కొట్టుకుంటోంది.

అప్పుడు మునిరామయ్యకు కొత్త భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆయన భయపడింది చిన్నబ్బ చేతికి. ఇప్పుడు చూస్తే తన చెయ్యే తనది కాకుండా ఉంది. వేళ్లలో ఏదో బరువు. ఇంత దగ్గరగా ఉంది వీడి గొంతు. ఇంత మెత్తగా ఉంది. కత్తి అంచు నరం పక్కన ఆని ఉన్నప్పుడు తన నోటి నుంచి తనకే తెలియకుండా మాట వచ్చేసింది.

“కావాలని కోసినావా?”

గడప మీద తిరుమలమ్మ కొంగు నోటికి అదుముకుంది. చిన్నబ్బ కదల్లేదు. రెప్ప కూడా కదల్లేదు. గొంతులో నరం మాత్రం ఇంకా గట్టిగా కొట్టుకుంది. మునిరామయ్య గీత పూర్తి చేసి కత్తి పైకెత్తాడు. నీళ్లలో ముంచబోతే కత్తి గిన్నె అంచుకు తగిలి ఖంగుమంది.

అప్పుడు నోరు తెరిచాడు చిన్నబ్బ.

“తెలీదన్నా.”

“తెలీదంటే?”

“నోరు తెరవకూడని కాడ తెరిచినా. అది నా తప్పే. ఏంటికి ఆడే అడిగినానంటే, నువ్వు కాదనలేని సమయం నాకు ఇంకెప్పుడు దొరకతాది? మామూలప్పుడు నీ ముందర మాట్లాడగలనా నేను? గిరిగానికి నలభై ముట్టొస్తా ఉండాది. ఇంకా నీ పక్కన ఒత్తాసుగానే ఊదతా ఉండాడు. అది కడుపులో ఉండిందన్నా. ఉండింది. నువ్వు కాదన్నావు. నువ్వు కదిలినావో, నా చెయ్యి కదిలిందో. పండుకుంటే అదే కనపడతాది. నా చెయ్యి కాదని ఒట్టు పెట్టేదానికి ఆసుపత్రికి రోజూ వచ్చినా. ఆడికి వచ్చినాక ఒట్టు నోటికి రాలే.”

“కాదని చెప్పుంటే నమ్మేవాన్ని గదరా.”

“నువ్వు నమ్మేవాడివి. నేను?”

గిన్నెలో నీళ్ల మీద నురుగూ నెరిసిన వెంట్రుకలూ తేలుతున్నాయి. మునిరామయ్య తమ్ముడి గడ్డం పూర్తి చేసి, కత్తి తుడిచి, పిడి వైపు తిప్పి వాడి చేతికి ఇచ్చాడు.

“ఏమయ్యా” అంది తిరుమలమ్మ.

“నీళ్లు మార్చు” అన్నాడు ఆమెతో.

తల వెనక్కు వాల్చి కళ్లు మూసుకున్నాడు. అద్దంలో చూసిన చెయ్యి రెప్పల వెనక ఒకసారి మెరిసింది. కత్తి చెంప మీద ఆనింది. చిన్నబ్బ ఊపిరి కూడా వినపడటం లేదు. కుడి చెంప, ఎడమ చెంప. దవడ కింద. గొంతు. నరం మీద కత్తి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా దిగి పోయింది. మునిరామయ్య తొడల మీద చేతులు పిడికిళ్లు పట్టుకుని ఉన్నాడు గానీ మెడ కదపలేదు.

పై పెదవి మీద తడి బ్రష్షు తగిలింది.

ఆయన కళ్లు తెరిచి, చూపుడువేలితో ఆ నురుగు తుడిచేశాడు.

“ఈడ వద్దులే.”

“ఎదురు గీయనన్నా. వాలుకే గీస్తా.”

“వద్దురా.”

“గాలి పోతాదంటావే.”

“పోతే పోనీ.”

చిన్నబ్బ బ్రష్షు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. గొంతు ఇచ్చిన మనిషి పెదవి ఇవ్వలేకపోతున్నాడు. ఆ సంగతి వాడికి అర్థమైంది. అర్థమైందని మునిరామయ్యకూ తెలిసింది.

“ఈ పొద్దుకేనా, ఇంకెప్పుడూ వద్దా?” అని మాత్రం అడిగాడు చిన్నబ్బ.

మునిరామయ్య మొహం కడుక్కోవడానికి లేచాడు.

గిరి వ్యాను తెచ్చి ఇంటి ముందు ఆపాడు. డోలు, నాదస్వరాలు ఎక్కించారు. వ్యాను ఊరు దాటాక గిరి అద్దంలోంచి వెనక్కు చూసి, పెదనాయన నెరిసిన మీసం చూసి, ఏదో అడగబోయి వేరే మాట అడిగాడు.

“పెద్నాయనా, గట్టిమేళం ఎట్ల చేద్దాము?”

మునిరామయ్య నాలుకతో పై పెదవి లోపలి వైపు తడుముకున్నాడు. ముడి ఉన్న చోటే ఉంది.

“నేనే మొదలు పెడతా” అన్నాడు. “నా మూతి మీదనే కన్నుండనీ. నేను దించకముందే అందుకోవాల. ఒక్క ఊపిరి సందు కూడా ఉండకూడదు.”

“సందు ఉండదు పెద్నాయనా.”

చిన్నబ్బ కిటికీ వైపు తిరిగి, గొంతు మీద రెండు వేళ్లు పెట్టి పైకీ కిందికీ తడుముకున్నాడు. వేళ్లు వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. నెత్తురు ఏమీ లేదు. మళ్లీ తడుముకున్నాడు.